మేడం తమ్ముడి పాటలు

మస్కట్‌ల అజైబా కాడ మా క్యాసెట్ల షాపుకు ఒక అమెరికా మేడం ఒస్తుండె. పిల్లల బడిల పాఠాలు చెప్పేది. ఎండకు మొఖమంత ఎర్రగ కమిలిపోయేది గాని నెత్తికి టోపీ మాత్రం పెట్టకపోయేది. ఆమెకు ఒక తమ్ముడు. ఆయన అమెరికాల పాటలు కడుతడు, గిటారు తనే కొడుతడు, తనే పాడుతడు. సినిమా కోసం కాదు, ఎవలన్న అడిగిండ్రని కాదు, ఊకెనే. కట్టిన పాటలన్నీ క్యాసెట్ల నింపి అక్కకు పోస్టుల పంపుతడు. ఆమె దాన్ని పట్టుకొచ్చి మా దగ్గర కాపీలు తీపిచ్చి దోస్తులకు పంచుకునేది. ఆ కాపీలు తీసేటోన్ని నేను. ఆ పిలగాని పాటలు అరబ్బు దేశాల నా అంత ఇన్నోడు ఇంకోడు లేడని ఇయ్యాల గూడ పందెం కడుత.

నాది జగిత్యాల దిక్కు. ఎనభైలు అయిపోవస్తున్న రోజులల్ల, పెండ్లయిన కొన్నాళ్లకే నాకు మస్కట్ వీసా ఒచ్చింది. వీసా మీద క్లీనర్ అని ఉండె. షాపు నడిపేది కడప భాయ్. ఒచ్చిన రోజు నాకు చీపురిచ్చిండు. కొన్ని నెలలకు చీపురు గుంజుకొని హెడ్‌ఫోన్లు ఇచ్చిండు. "తేరే కానాం అచ్ఛే హై రే" అన్నడు. నీ చెవులు మంచియిరా అని. అప్పటి సంది కాపీలు తీసుడు, తెగిన టేపు అతుకుడు, మిషన్ తలకాయ దూదితోని తుడుసుడు, అంత నా డ్యూటీనే.

గప్పట్ల ఇంటికి ఫోన్ జేసుడు అంటే పెద్దోళ్ల ముచ్చట. రాయొచ్చినోళ్లు జాబు రాసేటోళ్లు. మిగిలినోళ్లు క్యాసెట్ నింపేటోళ్లు. మా షాపు ఎనుక ఖాళీ డబ్బాలు పెట్టే చిన్న రూమ్ ఒకటుండె. అండ్ల ఒక టేప్‌రికార్డర్, ఒక స్టూలు. శుక్రవారం సైట్ల మీదికెల్లి మనోళ్లు ఒచ్చి, కొత్త క్యాసెట్ కొని, ఆ స్టూలు మీద కూసొని ఇంటోళ్లతోని మాట్లాడేటోళ్లు. బటన్ నొక్కంగనే కొందరు కొయ్యబారిపోయేటోళ్లు. "మాట్లాడు అన్నా" అంటే "ఏం మాట్లాడాలెరా" అని నన్నే అడిగేటోళ్లు, అది గూడ రికార్డయ్యేది. కొందరైతే ఒర్రుడే ఒర్రుడు. మరి సముద్రం అవతలికి ఇనపడాలె గదా! నాకు కోపమొచ్చేది. "జర మెల్లగ అన్నా, అది మైకు, మీ చెవిటి తాత కాదు" అనేటోన్ని. నింపిన క్యాసెట్లన్నీ ఎవడు సెలవు మీద పోతే వాని సూట్‌కేస్‌ల పడేటియి. వాడు ఊర్లల్ల తిరిగి పంచాలె, తిరిగొచ్చేటప్పుడు జవాబు క్యాసెట్లు తేవాలె. ఇది కట్టుబాటు, కాదన్నోన్ని మనిషిల జమ కట్టకపోతుండె.

జవాబు నింపుడు ఇంకో తమాష. ఇంటోళ్లందరు టేప్‌రికార్డర్ సుట్టు కూసుంటరు. ముందుగాల మా బాపు. వాన పడ్డది, బర్రె ఈనింది, మోటరు కాలింది. తర్వాత మా అవ్వ. ఆమె రెండు మాటలు మాట్లాడి ఏడుస్తది. తర్వాత మా వదిన. ఎవల పెండ్లి కుదిరింది, ఎవల పెండ్లి చెడింది, అంత ఆమె దగ్గరనే దొరుకుతది. అందరు మాట్లాడుతరు, ఒక్క కొత్త కోడలు తప్ప. మామ ముందట కోడలు మిషన్ల మొగనితోని మాట్లాడుడా? అబ్బో, ఇజ్జత్ పోదూ! నేను ఒకసారి సిగ్గిడిసి "ఆమెను గూడ మాట్లాడమనుండ్రి" అని నింపి పంపిన. జవాబుల బాపు దగ్గిండు, వదిన కిసకిస నవ్వింది, అవ్వ "ఆమెకేమైంది, బాగనే ఉన్నది" అని ఆమె జవాబు గూడ తనే చెప్పేసింది.

అయితే ఆమె అక్కడనే ఉన్నదని నాకు ఎరుకే. మా దిక్కు ఆడోళ్లు ఇంటి పట్టున బీడీలు చేస్తరు. ఒడిల చాట, చాటల తునికాకు, తంబాకు, దారం, చేతుల కత్తెర. బాపు బర్రె ముచ్చట చెప్తుంటే ఎనుకకెల్లి కచ్చు కచ్చు అని ఆకు కత్తిరించే సప్పుడు ఒచ్చేది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకొని బాపును పక్కకు పెట్టి ఆ సప్పుడే ఇనేటోన్ని. నవ్వుతరు గాని, ఏం జెయ్యాలె, నాకు దొరికింది అదే.

రెండేండ్లకు సెలవు దొరికితే ఇంటికి పోయిన. పెండ్లయిన కొత్తల ఆమె సరిగ మాట్లాడనే లేదు, నాకూ సిగ్గే. ఈసారి నోరు తెరిచింది. అమ్మో, ఏం నోరది! అందరు పొలం కాడికి పోయి మేమిద్దరమే మిగిలితే, బీడీలు చేసుకుంటనే వాడకట్టు మొత్తాన్ని ఎక్కిరిచ్చేది. కార్ఖాన గుమాస్త బాగలేని బీడీలు ఇరిచి పడేసేటప్పుడు మూతి ఎట్ల తిప్పుతడో, మా వదినకు కోపమొస్తే గిన్నెలను ఎట్ల తిడ్తదో, నేను బస్సు దిగి కొత్త బూట్లతోని ఎట్ల నడిచిన్నో, అన్నీ చేసి చూపిచ్చేది. నవ్వీ నవ్వీ కడుపు నొచ్చేది. అండ్లనే దర్వాజ కాడ అలికిడైతే మాట ఠక్కున బందు, కొంగు నెత్తి మీదికి. మళ్ల మూగదే.

మాట ఇనని మనిషిని ఇడిచిపోవుడు ఒక తీరు. గంత మాట ఇన్నంక ఇడిచిపోవుడు ఇంకో తీరు. తిరిగి అజైబా ఒచ్చినంక నాకు ఇంకేం అక్కరలేకపాయె. ఆ గొంతు కావాలె. "ఇగో" అని పిలిచే ఆ గొంతు క్యాసెట్ల కావాలె, నా ఒక్కనికే కావాలె. మధ్యాహ్నం షాపు బందు పెట్టి అందరు పండుకుంటే నేను గోడకు ఆనుకొని అదే యాది చేసుకునేటోన్ని.

మేడం తమ్ముడి మొదటి క్యాసెట్ గా దినాలల్లనే ఒచ్చింది. కాపీ తీస్తున్నప్పుడు సప్పుడు సరిగ ఉన్నదా లేదా అని ఇనాలె, అది పని. పెట్టుకొని ఇన్న. ముందుగాల కుర్సీ కిర్రుమన్నది. తర్వాత గిటారు. ఆ పిలగాని గొంతు పెద్ద గొప్పగేం లేదు, పడిశం పట్టినోని లెక్కుంటది. నల్ల తిప్పితే నీళ్లు పడుతున్న సప్పుడు. గిన్నెలు. ఇది వంటింట్ల నింపిండ్రురా అనుకున్న. ఇంకా చెవి పెట్టి ఇంటే, వాని ఎనుక ఎవలో ఆడమనిషి మెల్లగ కూనిరాగం తీస్తున్నది. పాడుతలేదు, పని చేసుకుంట తనకు తనే. ఇది మా ఇంటి క్యాసెట్ లెక్కనే ఉన్నదే! కాకుంటే ఈనె ఎనుకామె పక్కనే ఉన్నది, నా ఎనుకామె సముద్రం అవతల ఉన్నది. మేడం కాపీలు తీసుకపోతుంటే "నాకొకటి తీసుకుంట" అని చేతులతోని, సగం ఇంగ్లీషుతోని అడిగిన. ఆమె కండ్లు పెద్దగ చేసి చూసింది. "నీకు నచ్చిందా?" అన్నది. తమ్ముడికి రాస్తనన్నది, ఒమాన్‌ల నీకొక అభిమాని దొరికిండని.

ఒకనాడు ఆమెను అండ్ల ఒక పాటకు అర్థమడిగిన. మెల్లగ, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఒకామె తెల్లారకముందే రొట్టెల బట్టీల పనికి పోతది. పోయేటప్పుడు కప్పుల సగం చాయ్ ఇడిచిపెడ్తది. పాడేటోడు లేచి ఆ సల్లారిన చాయ్ తాగుతడు. "గింతేనా?" అన్న. "అంతే" అన్నది. నాకు మతిపోయింది. మన పాటలల్ల చందమామ ఉండాలె, పూలుండాలె, లేకుంటే దేవుడుండాలె. ఈనె సల్లారిన చాయ్ మీద పాట కట్టిండు! కట్టిండు గాని, ఆ మాట తెలిసినంక ఇంటే ఏడుపొచ్చింది.

ఆ తర్వాత నాలుగైదేండ్లు, నడిమిట్ల ఒక సెలవు మీద పోయొచ్చుడు గూడ కలుపుకొని, ఆ పిలగాని బతుకు నేను క్యాసెట్లల్ల చూసిన. రెండోదాంట్ల ఇంకో ముగ్గురు కలిసిండ్రు, డ్రమ్ములొచ్చినయి. అందరు ఒక పాత వ్యానేసుకొని ఊరూరు తిరుగుతున్నరని, కల్లు దుకాణాల లెక్క ఉండే కాడ పాడుతున్నరని, పాట అయిపోంగనే వ్యాను ఎనుక తలుపు తెరిచి వాళ్ల క్యాసెట్లు వాళ్లే అమ్ముకుంటున్నరని మేడం చెప్పింది. "ఒగ్గు కథోళ్ల లెక్క" అన్న, ఆమెకు అర్థం కాలే. మూడోదానికి రంగుల అట్ట ఒచ్చింది, అట్ట మీద ఆయన బొమ్మ. సన్నగ, గడ్డం గీసుకోక, మన సైటు మీద కూలి పిలగాని లెక్కనే ఉన్నడు. చిన్న కంపెనీ ఒకటి ఏసిందట, కాలేజీ పిల్లల రేడియోలల్ల ఒస్తున్నదట. నాలుగోదానికి పెద్ద కంపెనీ పిలిచి పెద్ద పట్నం తీసుకపోయింది. మేడం ఆ రోజు షాపులకు గంతులేసుకుంట ఒచ్చింది. మా భాయ్‌కి గూడ మిఠాయి పెట్టింది.

నేను ఇన్న. సప్పుడు అద్దం తుడిచినట్టున్నది. కుర్సీ లేదు, నల్ల లేదు, గిన్నెలు లేవు. ఎనుకామె మూడోదాంట్లనే లేదు, ఇండ్ల అసలే లేదు. "ఎట్లున్నది?" అని మేడం అడిగితే "మస్తున్నది" అన్న గాని మనసుకు ఎక్కలే. రూమ్‌కు పోయి మళ్ల మొదటిదే పెట్టుకున్న. భాయ్‌కైతే ఏదైనా ఒకటే. "క్యా రోతా రే యే" అని ఇసుక్కునేటోడు, ఏం ఏడుస్తడురా ఈడు అని.

ఆ నాలుగోది ఒచ్చిన ఎండకాలంలనే నేను గూడ పాట కట్టిన. నవ్వకుండ్రి. సల్లారిన చాయ్ మీద వాడు కట్టంగ లేనిది నేనెందుకు కట్టొద్దు? షాపు బందు పెట్టిన మధ్యాహ్నాలల్ల బీచ్ దిక్కు నడిచేటోన్ని. ముందట గన్ని నీళ్లు, గొంతుల దూప. అక్కడ నడుసుకుంట, గొనుక్కుంట కట్టిన.

సముద్రమంత నీళ్లే గాని పిల్లో, దూప తీరదాయె
ఊరంత మాట్లాడె గాని పిల్లో, నీ మాట రాదాయె

ఇంకో రెండు చరణాలు గూడ ఉండె, అవి గింత మంచిగ లేవు. పాటైతే అయింది, మరి ఆమెకు చేరుడెట్ల? ఇంటికి పంపితే బాపు ముందట మోగుతది. అప్పుడు నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. నన్ను నేనే మెచ్చుకున్న. ఒక క్యాసెట్ రెండు దిక్కుల మేడం తమ్ముడి పాటలు నింపిన. రెండో దిక్కు ఆఖరుకు కొంచెం జాగ ఇడిసి, శుక్రవారం మధ్యాహ్నం షటర్ దించుకొని, ఆ డబ్బాల రూమ్‌ల స్టూలు మీద నేనే కూసున్న. బటన్ నొక్కంగనే నాకు గూడ మాట రాలే, ఒర్రేటోళ్ల మీద కోపం చేసిన పాపం అప్పుడు తగిలింది. ఎట్లనో తేరుకొని పాట పాడిన. పాడి, "ఇగో, ఒక్కసారి మాట్లాడు, నువ్వొక్కదానివే ఉన్నప్పుడు నింపి పంపు, ఎవలకు చెప్పకు" అన్న. ఇంటోళ్ల క్యాసెట్ల మాత్రం ఏమీ ఎరుగనోని లెక్క చెప్పిన. ఇంకోదాంట్ల తెల్లోళ్ల పాటలున్నయి, మీకు సమజ్ గావు, కోడలు బీడీలు చేసుకుంట పెట్టుకుంటదేమో ఇయ్యుండ్రి అని. గంత ఇంగ్లీషు దాటుకొని ఆఖరుదాక ఎవలింటరు? బాపు ఒక్క పాటకే లేచిపోతడు. ఆమె ఒక్కతే పొద్దుగూకేదాక చాట ముందట కూసుంటది. అదీ నా లెక్క.

బీడీలు చేసే ఊర్ల పుట్టి పెరిగినోన్ని, గా ఒక్క ముచ్చట ఎట్ల మర్సిపోయిన్నో నాకే తెల్వది. బీడీలు ఒక్కతే కూసొని ఎవలు చేస్తరు? ఎవల ఇంటి ముందట నీడ ఉంటే వాడకట్టు ఆడోళ్లంత చాటలు పట్టుకొని అక్కడికే ఒస్తరు. చేతులు ఆకు మీద, నోరు ఊరి మీద. నేను సెలవుల ఉన్నన్ని రోజులు, మొగడొచ్చిండు పాపమని వాళ్లు మా ఇంటి దిక్కు రాలే. అదే నా కండ్లల్ల ఉండిపోయింది. ఇప్పుడు టేప్‌రికార్డర్ మోగుతున్న ఇంటికి రాక ఇంకెక్కడికి పోతరు!

ఈ సంగతి నాకు ఒమాన్‌లనే దూరం షినాస్ అనే ఊర్ల పనిచేసే మా పక్కూరాయన చెప్పిండు. సెలవు మీద పోయి తిరిగొచ్చినోడు, బస్సెక్కి షాపుకు ఒచ్చి, గల్లా ముందట నిలవడి, నన్ను చూసి నవ్వుకుంట "సముద్రమంత నీళ్లే గాని పిల్లో" అని అందుకున్నడు. "నీకెట్ల తెల్సు?" అన్న. "నాకేంది, మీ వాడకట్టు చిన్నపిల్లలకు గూడ తెల్సు. మీ వదిన నోట్ల నువ్వుగింజ నానుతదా? చుట్టుపక్కల బీడీలు చేసేటోళ్లంత అదే పాడుతున్నరు" అన్నడు. ఇంకా చెప్పిండు. మేడం తమ్ముడికి వాళ్లు ఏడ్పుగొట్టోడు అని పేరు పెట్టిండ్రట. "ఆ ఏడ్పుగొట్టోన్ని పెట్టవే, చేతులు మంచిగ నడుస్తయి" అంటరట. ఒకామైతే వాని పెండ్లాం పుట్టింటికి పోయి ఉంటది, అందుకే గట్ల పాడుతున్నడు అన్నదట. నాకు సిగ్గుకు చెవులు కాలినయి, భూమిల సొచ్చుకపోదామా అనిపిచ్చింది. సిగ్గుకంటె ఎక్కువ భయమైంది. వాళ్లందరి ముందట ఆమె ఇజ్జత్ తీసిన, ఇగ జన్మల నాతోని మాట్లాడదు అనుకున్న.

ఆయన పోయేటప్పుడు జవాబు క్యాసెట్ చేతుల పెట్టిండు. చూస్తే నేను పంపిన తెల్లోని క్యాసెట్టే. పైన మళ్ల రికార్డు కావొద్దని నేను ఇరగ్గొట్టి పంపిన చిన్న ప్లాస్టిక్ రెక్కల కాడ కాయితం ముక్కలు పెట్టి అన్నం మెతుకులతోని అతికిచ్చిండ్రు. ఎవల తెలివో గాని శభాష్ అనుకున్న. శుక్రవారందాక ఆగుడు నా వల్ల కాలే. ఆ మధ్యాహ్నమే షటర్ దించి పెట్టుకున్న.

ఒక పాట సగంల తెగి, గలగల నవ్వులు. వాడకట్టంత ఉన్నది అండ్ల. అందరు కలిసి నా పాట పాడుతున్నరు, కత్తెరలతోని తాళమేసుకుంట. రాగం గూడ కొంచెం మార్చిండ్రు, నా దానికంటె మంచిగున్నది. నడిమిట్ల ఒక ముసలామె "అరేయ్, అన్నీ ఉప్పు నీళ్లే అని తెల్సినోడివి గంత దూరం ఎందుకు పోయినవ్ రా?" అని తిట్టింది. మళ్ల నవ్వులు. నేను టేపు ఎనుకకు తిప్పి తిప్పి ఇన్న. గన్ని గొంతులల్ల ఆమె గొంతు ఏది? భాయ్ మెచ్చిన చెవులు ఇయి, ఎన్ని వేల పాటలు ఇన్నయి, నా పెండ్లాం గొంతు పట్టలేకపోయినయి. వదిన గొంతు దొరికింది, ముసలామెది దొరికింది. ఆమెది దొరకలే. స్టూలు మీద కూసొని చిన్నపిలగాని లెక్క ఏడ్చిన.

ఏడ్చుకుంట టేపు బందు పెట్టుడు మర్సిన. పాట అయిపోయి, కొంచెంసేపు మేడం తమ్ముడి గిటారు ఒచ్చింది, టక్కుమని మళ్ల తెగింది. ఊపిరి సప్పుడు. తర్వాత గుసగుస. "ఇగో, ఇంటున్నవా? అందరు పోయిండ్రు." నేను సప్పుడు పెంచిన. "గట్ల ఊరందరికి ఇనిపిచ్చినవేంది, నీకు బుద్ధున్నదా? నాకు నవ్వొచ్చింది గాని వాళ్ల ముందట నవ్వలేదు. నీ పాటల ఒక చరణం తక్కువున్నది. నేను కట్టిన, ఇను." గొంతు సరిజేసుకొని మెల్లగ పాడింది.

ఊరంత ఇనంగ నా మాట పిలగా, ఎట్ల జెప్పుదునోయి
చాట పక్కకొచ్చి కూసో పిలగా, చెవుల జెప్పుదునోయి

"ఇగ బందు జేస్తున్న" అన్నది. బందు చేసుడు రానట్టున్నది. టేపు అయిపోయేదాక అట్లనే తిరిగింది. చాట జరిపిన సప్పుడు, కోడిని అదిలిచ్చిన సప్పుడు, ఆమె నడిచిన సప్పుడు. తాడి దన్నేటోడు ఉంటే వాని తల దన్నేటోడు ఉంటడంటరు. నేను నా ఉపాయం గొప్పదనుకుంటే ఆమె నన్ను మించిపోయింది. మాటిచ్చింది, మాట దాసుకున్నది. కావాలంటే రమ్మన్నది.

భాయ్‌ని సెలవడిగిన. "అగ్లే సాల్" అన్నడు. ఒచ్చే ఏడాది. నేను ఎగురలేదు, కొట్లాడలేదు. నిజానికి నా లోపల గూడ ఒకడు అదే అంటున్నడు. ఇంటి పై కప్పు పని ఉన్నది, ఇంకొక్క ఏడాది ఉంటే ఏమైతది, ఎక్కడికి పోతది ఆమె అని. గల్ఫుల ఉన్నోళ్లందరి నోట్ల అదే మాట, ఇంకొక్క ఏడాది. నేను గూడ అందర్ల ఒకన్ని.

చలికాలం మొదలుకాంగ మేడం ఒచ్చింది. గంతులు లేవు. "ఇది ఆఖరుది, ఒక్క కాపీ చాలు" అన్నది. హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఇన్న. కుర్సీ కిర్రుమన్నది. నల్ల ఒకటి సుక్క సుక్క కారుతున్నది. అదే వంటిల్లు! గిటారు ఒచ్చింది, గొంతొచ్చింది. నేను ఎనుకకు చెవి పెట్టిన. ఏమీ లేదు. పాట ఎనుక పాట చూసిన, ఏమీ లేదు. హెడ్‌ఫోన్లు తీసి "ఆమె ఏది?" అన్న.

"ఎవరు?" అన్నది మేడం.

మొదటి క్యాసెట్ తీసి, ఆమె చెవులకు పెట్టి, కూనిరాగం ఒచ్చే కాడ ఏలు చూపిచ్చిన. మేడం ఇన్నది. గన్ని కాపీలు తీపిచ్చింది గాని ఆ రాగం ఆమె ఎన్నడు ఇనలేదట. గల్లా మీద మోచేతులు పెట్టి చాన్నాళ్లకు మాట్లాడినట్టు మెల్లగ చెప్పింది. ఆమెనే ఆ రొట్టెల బట్టీ ఆమె. వ్యానేసుకొని పోయిన్నాడు ఎదురు చూసింది. చిన్న కంపెనీ అన్ననాడు చూసింది. పెద్ద పట్నం పోయినంక గూడ కొన్నాళ్లు చూసింది. ఈనె ఎప్పుడు ఫోన్ చేసినా ఇంకొక్క టూరు, ఇంకొక్క రికార్డు అనేటోడు. ఆమె కొట్లాడలేదు, ఏడ్వలేదు, ఒకనాడు బట్టలు సర్దుకొని పోయింది. పెద్ద కంపెనీ ఈనెను ఇడిసిపెట్టినంక ఇంటికొస్తే వంటిల్లు ఉన్నది, మనిషి లేదు. ఇప్పుడు ఇండ్లకు రంగులేసే పని చేస్తున్నడట. పాటలెందుకు బందు పెట్టినవంటే, ఇంట్ల ఇనేటోళ్లు లేరు అన్నడట.

మేడం పోయింది. కోపమొచ్చింది నాకు. వాని మీద గాదు, నా మీద. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని వాడు ఫోన్ల అన్నది, నేను మనసుల అనుకుంటున్నది ఒక్కటే మాట గదా! భాయ్ నమాజ్ కెల్లి రాంగనే "భాయ్, క్యాన్సిల్ కర్‌దో" అన్న. వీసా క్యాన్సిల్ అంటే మళ్ల ఈ షాపు, ఈ హెడ్‌ఫోన్లు, ఈ నెల జీతం ఏమీ ఉండయి. "దిమాగ్ ఖరాబ్ హువా క్యా రే" అన్నడు. పిచ్చి లేసిందారా అని. ఔనన్న. రెండు వారాలు నాతోని మాట్లాడలేదు. పోయేనాడు మాత్రం ఎయిర్‌పోర్టుదాక తనే కారుల దింపిండు, "తేరే జైసే కానాం అబ్ కహాం మిలేంగే" అని గొణుక్కుంట. నీ అసొంటి చెవులు ఇగ ఏడ దొరుకుతయి అని.

ఇంటికి చేరిన రోజు అందరు సుట్టు మూగిండ్రు. బాపు ఎందుకొచ్చినవని అడిగిండు, అవ్వ ఏడ్చింది, వదిన నవ్వింది. ఆమె చెంబుల నీళ్లిచ్చి లోపలికి పోయింది. తెల్లారి మధ్యాహ్నం మా ఇంటి ముందట వాడకట్టు ఆడోళ్లంత చాటలు పెట్టుకొని కూసున్నరు. ఏమైతే అదైతదని నేను పోయి ఆమె చాట పక్కన కింద కూసున్న. ఇగ చూడాలె లొల్లి! "ఒచ్చిండే పాటగాడు" అని ఒకామె, "చెవి దగ్గరికి పెట్టు బిడ్డా" అని ఇంకొకామె. ఆమె తలకాయ ఎత్తలే. ఆకు చుడుతున్నది, దారం కడుతున్నది, చాటల పడేస్తున్నది. నేను గూడ లేవలే. నవ్వీ నవ్వీ వాళ్లకే ఇసుగొచ్చి ఒక్కొక్కరు చాటలు ఎత్తుకొని పోయిండ్రు. వదిన గూడ బర్రెకు గడ్డెయ్యాలని లేచింది. ఆఖరుకు మేమిద్దరమే మిగిలినం.

"ఇగ చెప్పు" అన్న.

"ఏంది?"

"చెవుల చెప్త అంటివి గదా. దానికోసమే అన్నీ ఇడిసిపెట్టుకొని ఒచ్చిన."

ఆమె నా దిక్కు చూసింది. చేతులున్న బీడీకి దారం కట్టి, తెంపింది.

"ఇగ ఏం జెప్పాలె, ఒచ్చినవ్ గదా" అన్నది. అని ఇంకో ఆకు తీసుకున్నది.